నల్ల సూటూ, మూడు సబ్జెక్టులూ

ఆ గురువారం పొద్దున ఆల్డ్విన్ మొడేస్ట్ గారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. స్నానం చేసి, వేడివేడి కోకో తాగి, మనవరాలు అఫీయాని వెంటబెట్టుకుని పక్కనున్న గ్రాండే పట్నంలోని బడికి వెళ్ళాలి. అక్కడ సిక్స్త్ ఫారం చూసుకునే మిసెస్ రాంఖెలావన్ ఎదురుగా కూర్చుని, పిల్లకి బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఇప్పించాలి. మధ్యాహ్నం భోజనం వేళకి ఇల్లు చేరాలి. సిక్స్త్ ఫారం అంటే బడిలో ఆఖరి రెండేళ్ళు. అక్కడ అన్నీ చదవరు, మూడు సబ్జెక్టులే ఎంచుకుంటారు. ఆ మూడింటిని బట్టి పిల్ల బతుకు ఏ దారిన పోతుందో తేలిపోతుంది. మొడేస్ట్ వంశంలో అంతదాకా వెళ్ళిన మొదటి మనిషి అఫీయా. కాబట్టి డాక్టరు కావాలని తాతగారు పిల్ల పరీక్షలు రాయకముందే తేల్చేశారు, ఊరంతా చాటేశారు కూడా.

అఫీయాకి చెప్పలేదా అంటే, చెప్పారు. అడగలేదు, అంతే.

అడిగి ఉంటే ఆ పిల్ల లెక్కలు, ఫిజిక్స్, ఇంజనీరింగ్ డ్రాయింగ్ అని చెప్పేది. తోటి ఆడపిల్లలు బొమ్మల్ని చూసి ముచ్చటపడే వయసులో అఫీయా కల్వర్టుని చూసి ముచ్చటపడింది. అందుకు కారణం ఎవరో కాదు, తాతగారే. ఆయన సర్కారువారి రోడ్ల శాఖలో తారు మరిగించి మరిగించి రిటైరైన మనిషి. మామ్మ చెయ్యి పట్టుకుని రోజూ ఆయనకి అన్నం క్యారేజీ మోసుకెళ్ళిన పిల్ల, నిన్న బురదగా ఉన్నచోట ఇవాళ బస్సు పోవడం కళ్ళారా చూసింది. తాతగారు మాత్రం ఇంటికొచ్చాక కిరసనాయిలుతో చేతులు తోముకుంటేగానీ పిల్లని ఎత్తుకునేవారు కాదు. "ఈ తారు నాతోనే సరి. నా మనవరాలు నీడపట్టున కూర్చుని బతకాలి" అనేవారు. ఆ మాట వింటూ పెరిగిన పిల్ల, నాకు ఎండే ఇష్టం తాతా అని ఏ నోటితో చెబుతుంది? మింగలేక కక్కలేక బుధవారం రాత్రంతా దిండు తడిపింది.

ఆ ఏడుపు మామ్మ ఇఫీజీనియా చెవిన పడింది. ఊరంతా ఆమెను ఎఫీ అంటారు.

"ముసలాయనా, పిల్లని ఒక్కసారి అడగరాదూ, నీకేం కావాలే అని?" అంది మొగుడితో.

"అడగడానికేముంది? డాక్టరు నీకిష్టమేనా అని ఎవరైనా అడుగుతారా? బిర్యానీ తింటావా అని అడిగినట్టు!" అని ఆయన అటు తిరిగి పడుకున్నారు.

ఎఫీకి తెల్లవారకముందే ప్రయాణం ఉంది. బీపీ మందుల కోసం నెలకోసారి సర్కారు క్లినిక్కుకి వెళ్ళాలి, చీకటితో వెళ్ళి కూర్చుంటేగానీ వంతు రాదు. మేనల్లుడు కారు తెచ్చాడు. ఎడమ కాలు వాచి ఉండటంవల్ల అతనూ అఫీయా కలిసి పట్టుకుని ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టారు. మంచు తలకెక్కితే జలుబు చేస్తుందని మామ్మ నిలువునా దుప్పటి కప్పుకుంది. ఫోను ఛార్జింగులో పెట్టి, అక్కడే మర్చిపోయింది.

ఎదురింటి దులారీ అప్పటికే లేచి రొట్టెల పిండి కలుపుతోంది. రొట్టెల మధ్య శనగల కూర పెట్టి రోడ్డు పక్కన అమ్మడం ఆమె వ్యాపారం, ఊరి కబుర్లు ఉచితం. కిటికీలోంచి చూస్తే దుప్పటి కప్పిన ఆకారాన్ని కారులోకి ఎక్కించడం కనబడింది. అయ్యో అక్కకి ఒంట్లో బాగాలేదు కాబోలు అనుకుంది. అంతవరకూ తప్పేమీ లేదు. ఎనిమిదింటికి ఎదురింటి తలుపు తెరుచుకుని ఆల్డ్విన్ గారు నల్ల సూటులో బయటికి వచ్చేదాకా కథ అదుపులోనే ఉంది.

ఆ సూటు సంగతి చెప్పాలి. ఆయనకున్నది అదొక్కటే. దాన్ని ఆయన శవయాత్రలకి తప్ప వెయ్యరు. కొన్నేళ్ళుగా అది బీరువాలోంచి బయటికి వచ్చిందంటే ఊళ్ళో ఎవరో ఒకరు భూమిలోకి వెళ్ళారన్నమాటే. చర్చి గంటకైనా పొరపాటు ఉండొచ్చుగానీ ఆ సూటుకి లేదు. మరి ఇవాళ ఎందుకు వేశారయ్యా అంటే, డాక్టరమ్మ తాత పూల చొక్కాలో వెళ్తే బాగుండదని. పైగా మిసెస్ రాంఖెలావన్‌కి వినిపించడానికి దొరల ఇంగ్లీషులో ఒక ఉపన్యాసం బట్టీ పట్టారు. నోరు తెరిస్తే అదెక్కడ జారిపోతుందోనని గడప దాటినప్పటినుంచీ నోటికి తాళం వేశారు.

"అన్నయ్యా!" అంది దులారీ గుండె మీద చెయ్యి వేసుకుని.

ఆయన టోపీ తీసి, బరువుగా తల ఊపి, ముందుకు సాగిపోయారు. వెనకాల అఫీయా, కళ్ళు మందార మొగ్గల్లా ఎర్రబడి, తల వంచుకుని నడుస్తోంది.

ఇంకేం కావాలి? చీకట్లో దుప్పటి, తెల్లారాక నల్ల సూటు, ఏడ్చి ఏడ్చి వాచిన పిల్ల మొహం. "ఓరి దేవుడో, ఎఫీ అక్క పోయిందిరా" అని దులారీ పిండి చేతులతోనే మెట్ల మీద కూలబడింది.

మా ఊళ్ళో చావుకి ఒక మర్యాద ఉంది. చావింటికి వెళ్ళి "ఎవరు పోయారు? ఎలా పోయారు?" అని అడగకూడదు. అంతకన్నా మోటుతనం ఇంకోటి లేదు. తెలిసే వచ్చినట్టు రావాలి. వట్టి చేతులతో రాకూడదు. కాఫీ పొడో, రొట్టెలో, రమ్ము సీసానో తేవాలి, కూర్చోవాలి, ఏదో ఒక పని అందుకోవాలి. ఈ మర్యాదవల్ల ఎన్నో దుఃఖాలు తేలికైన మాట నిజం. ఒక్క ప్రశ్న వేస్తే అక్కడితో ఆగిపోయే గొడవ ఆ రోజు ఆగకపోవడానికి కారణం కూడా అదే.

దులారీ ఏడుస్తూ బోయ్సీకి ఫోన్ చేసింది. బోయ్సీ కారు మీద రెండు లౌడుస్పీకర్లు ఉంటాయి. ఓట్లకీ, చర్చి సంతలకీ, చావులకీ ఊరూరా తిరిగి చెప్పడం అతని వృత్తి. చిన్నప్పుడు ఎఫీ చేతి కొబ్బరి రొట్టెలు తిన్న విశ్వాసంతో అతను అప్పటికప్పుడు, ఉచితంగా, బయలుదేరాడు. "ఆల్డ్విన్ మొడేస్ట్ గారి ధర్మపత్ని, మనందరి తల్లి ఎఫీ గారు ఈ తెల్లవారుజామున ప్రశాంతంగా కన్నుమూశారని తెలియజేయుటకు మిక్కిలి చింతిస్తున్నాము." ఆ 'ప్రశాంతంగా' అన్నమాట అతని సొంత కవిత్వం. కాసేపట్లో మొడేస్ట్ వారి వాకిట్లో టార్పాలిన్ లేచింది, చర్చి బెంచీలు దిగాయి, పెద్ద గిన్నెలో కాఫీకి నీళ్ళు పడ్డాయి.

ఇటు నలుగురూ కలిసి ఎక్కే టాక్సీలో డ్రైవరు ఆయన సూటు చూడగానే పాట ఆపేశాడు. ముందు సీటు ఖాళీ చేయించి, తలుపు తనే తెరిచి, "కూర్చో తాతా, జాగ్రత్త" అన్నాడు. దిగేటప్పుడు కిరాయి డబ్బులు ముట్టుకోనే లేదు. 'డాక్టరు ఇంటివాళ్ళంటే ఎంత గౌరవమో' అని ఆల్డ్విన్ గారు లోలోపల పొంగిపోయారు.

"తాతా, నీకో మాట చెప్పాలి" అంది అఫీయా బడి గేటు దగ్గర, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని.

ఆయన రెండు వేళ్ళు పెదాల మీద పెట్టుకుని తల అడ్డంగా ఆడించారు. ఉపన్యాసం మూడో వాక్యం దాకా భద్రంగా ఉంది, ఇప్పుడు కదిలించకూడదు.

ఆ బడిలో గుమాస్తా దులారీ కోడలే. అందుకని టాక్సీ కంటే ముందే వార్త బడికి చేరింది. తాతామనవరాళ్ళు గదిలో అడుగు పెట్టేసరికి మిసెస్ రాంఖెలావన్ లేచి ఎదురొచ్చి, ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"మొడేస్ట్ గారూ, ఇలాంటి రోజున కూడా వచ్చారా! కబురు పెడితే సరిపోయేది కదా."

ఆల్డ్విన్ గారు గొంతు సవరించుకుని, ఎట్టకేలకి తాళం తీశారు. "గౌరవనీయులైన అమ్మగారూ! ఈ శుభదినాన తమ సముఖంలో నిలబడటం నా భాగ్యం. ఈ రోజు కోసం నేను ఏళ్ళ తరబడి దేవుణ్ణి ప్రార్థించాను."

మిసెస్ రాంఖెలావన్ చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది. పిల్లకేసి చూస్తే పిల్ల కళ్ళనిండా నీళ్ళు. పాపం, దుఃఖంలో పెద్దాయనకి మతి చలించింది అనుకుంది ఆ దయగల తల్లి.

"కూర్చోండి. ముందు కొంచెం మంచినీళ్ళు తాగండి" అంది. "ఇన్నేళ్ళ కాపురం కదా, మనసు ఒప్పుకోదు. మీ భార్య పోయిన రోజునే సబ్జెక్టుల మాట మేము మాట్లాడం."

ఉపన్యాసం నాలుగో వాక్యం ఆయన గొంతులోనే ఉండిపోయింది.

"ఎవరు పోయారమ్మా?" అన్నారు. మా ఊరివాడు ఎవడూ అడగని ప్రశ్న ఆయన అడిగారు. దానికి జవాబు ఎఫీ అని వచ్చింది.

వెంటనే ఎఫీ ఫోనుకి కలిపారు. అటువైపు ఎత్తింది దులారీ. ఫోను మీద "ముసలాయన" అన్న పేరు చూడగానే ఆమె బావురుమంది. వెనకనుంచి పదిమంది కీర్తన పాడుతున్నారు. ఆయన ఫోను బల్ల మీద పెట్టేశారు.

అఫీయా తాత భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. పొద్దున మామ్మ దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి తన బుగ్గ నిమిరిన సంగతి గుర్తొచ్చి మరీ ఏడ్చింది. ఆయన ఏడవలేదు. మిసెస్ రాంఖెలావన్ ఇచ్చిన నీళ్ళ గ్లాసు పక్కకి జరిపారు.

"రాత్రి నన్నొకటి అడిగింది" అన్నారు. దొరల భాష ఎటు పోయిందో, మామూలు మాటే వచ్చింది. "పిల్లకేం కావాలో అడగమంది. నేను వెటకారం చేసి అటు తిరిగి పడుకున్నాను. నాతో ఆఖరుగా మాట్లాడిన మాట అదే అయింది. అఫీయా, చెప్పవే. నీకేం కావాలి?"

"ఇప్పుడొద్దు తాతా."

"ఇప్పుడే కావాలి. ఇప్పుడైనా అడక్కపోతే రేపు మీ మామ్మ మొహం ఎలా చూడను?"

అఫీయా ముక్కు తుడుచుకుంది. "రోడ్లు తాతా. వంతెనలు. లెక్కలూ, ఫిజిక్సూ, డ్రాయింగూ తీసుకుంటే దానికి వెళ్ళొచ్చు."

ఆయన ఉలిక్కిపడ్డారు. "రోడ్లా? తారేనా?"

"తారే."

"ఎండే పిచ్చిపిల్లా. మాడిపోతావు."

"తెలుసు. నీకు అన్నం తెచ్చేదాన్నిగా. నువ్వు వేసిన రోడ్డు మీద మొదటి బస్సు వస్తే నువ్వు టోపీ తీసి నిలబడేవాడివి. నీ మొహం అప్పుడు ఎలా ఉండేదో నువ్వు చూసుకోలేదు తాతా, నేను చూశాను. నాకు అది కావాలి."

అప్పుడు ఏడ్చారు ఆల్డ్విన్ గారు. భార్య కోసమే ఏడ్చారో, ఇన్నాళ్ళూ కిరసనాయిలుతో తోమి తోమి దాచుకున్న చేతుల కోసం ఏడ్చారో ఆయనకే తెలియదు. మిసెస్ రాంఖెలావన్ కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"రాసెయ్యండమ్మా, పిల్ల చెప్పినట్టే" అన్నారు.

"తొందరేమీ లేదు. సోమవారం దాకా మార్చుకోవచ్చు."

"మారదు" అన్నారాయన. కోరుకున్నది చేతికొచ్చింది గానీ అఫీయాకి సంతోషం కలగలేదు. ఈ రోడ్లన్నీ తీసేసుకుని మా మామ్మని ఇచ్చెయ్యి దేవుడా అని దారి పొడుగునా మొక్కుకుంది.

ఇక్కడ మొక్కులు ఇలా ఉండగా, అక్కడ మామ్మ మందుల సంచీతో కారు దిగింది. దిగి చూస్తే తన వాకిట్లో టార్పాలిన్, దాని కింద సగం ఊరు. కీర్తన ఠక్కున ఆగిపోయింది. దులారీ చేతిలోంచి కప్పు జారి పడింది. చావింటి రివాజు ప్రకారం డామినో బిళ్ళలు ఆడుతున్న ఇద్దరు బల్లతో సహా వెనక్కి జరిగారు. పట్టపగలు దయ్యం కారు దిగి, మేనల్లుడితో "నాయనా, సంచీ అందుకో" అనడం ఎవరూ ఎరగరు.

ఎఫీ మర్యాద తెలిసిన మనిషి. ఎవరు పోయారని అడగలేదు. అడక్కుండానే అర్థమైంది కూడా. చావు తన ఇంట్లో, తను బతికే ఉంది, దులారీ తన మొహంలోకి చూడలేకపోతోంది. మరి ఇంట్లో మిగిలిన ముసలిప్రాణం ఎవరిది? ఆమె గుమ్మం పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. తర్వాత కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, కొంగు బిగించినట్టు నడుముకి గుడ్డ కట్టుకుని, ఏడుస్తూనే కాఫీ కలపడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళని ఆకలితో పంపితే ముసలాయనకి నచ్చేది కాదు.

దయ్యం కాఫీ ఇస్తే తాగాలా వద్దా అని జనం తర్జనభర్జన పడుతుండగా గేటు ముందు టాక్సీ ఆగింది. తలలు వేలాడేసుకుని తాతా మనవరాలూ దిగారు. గరిటె పట్టుకుని ఎఫీ గుమ్మంలోకి వచ్చింది.

ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"ఎఫీ?" అన్నారు ఆల్డ్విన్ గారు.

"ఏమయ్యోయ్!" అంది ఎఫీ. "నువ్వు పోయావు కదూ?"

"నేనా? పోయింది నువ్వు కదా!"

"నేనెందుకు పోతానయ్యా, బీపీ మందులకి వెళ్ళినదాన్ని!" అంటూ వచ్చి గరిటెతో ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. వేసిన చేత్తోనే కోటు పట్టుకుని, ఆ నల్ల గుడ్డలో మొహం దాచుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది. "నన్నొదిలేసి పోయావనుకున్నాను కదయ్యా" అంది. ఆయన ఆమె వీపు నిమురుతూ ఉండిపోయారు. అఫీయా పరుగెత్తుకొచ్చి ఇద్దర్నీ కలిపి వాటేసుకుంది. దయ్యం కాదని తేలాక జనం కూడా ఏడుపు లంకించుకున్నారు.

కాసేపటికి అందరి చూపులూ దులారీ వైపు తిరిగాయి.

"నన్నంటారేం?" అంది దులారీ. "చావులకి వేసే ఆ సూటు తగిలించుకుని బడికెళ్ళేవాణ్ణి ఎక్కడైనా చూశారా? బుద్ధున్నవాడు నవ్వుతూనన్నా వెళ్ళొద్దూ!"

పొయ్యిమీద ఎసరు పడింది కాబట్టి భోజనాలయ్యేదాకా ఎవరూ కదిలే మాట కూడా లేదు. బోయ్సీ మాత్రం వృత్తిధర్మం కొద్దీ కారెక్కి మళ్ళీ ఊరంతా తిరిగాడు. "ఎఫీ గారి మరణం అనివార్య కారణాలవల్ల వాయిదా పడినదని తెలియజేయుటకు మిక్కిలి సంతోషిస్తున్నాము."

కడుపు నిండాక ఆల్డ్విన్ గారికి లోకం మీద మళ్ళీ ఆశ పుట్టింది. ఆశ పుడితే దాని వెనకాలే డాక్టరూ వచ్చాడు.

"సోమవారం దాకా గడువు ఉందన్నారు కదా..." అన్నారు మెల్లగా, పైకప్పు కేసి చూస్తూ.

అఫీయా చేతిలో ముద్ద ఆగిపోయింది.

"దేనికి గడువు?" అంది ఎఫీ. బడిలో జరిగిందంతా అఫీయా చెప్పింది. తాత ఏడ్చిన సంగతి మాత్రం చెప్పకుండా దాటేసింది. విన్నంతసేపూ ఎఫీ మొగుడి మొహమే చూస్తోంది.

"అంటే, నేను చస్తేగానీ పిల్లని అడగలేదన్నమాట."

"నువ్వు పోయావని బెంగలో ఒప్పుకున్నానే..."

"సరే, మార్చెయ్. రేపు నేను నిజంగా పోయాక మళ్ళీ అడుగుదువుగానిలే. అప్పటికి దాని చదువైపోతుంది, అది ఎవరిదో నాడి పట్టుకుని, ఎవరి మీదో విసుక్కుంటూ బతుకుతుంటుంది. నువ్వు మాత్రం నీడలో ఉందని మురిసిపో."

ఆల్డ్విన్ గారు మనవరాలి కేసి చూశారు. ఆ పిల్ల ఏదీ అడగడం అలవాటు లేనిదానిలా, రెండో మాట అనకుండా, ఆయన ఎలా చెబితే అలా విందామని కూర్చుని ఉంది. ఆ కూర్చోవడం చూసి ఆయనకి సిగ్గేసింది. ఇంత చదువు వచ్చిన పిల్లకి, తన దగ్గర నోరు తెరిచే ధైర్యం రావడానికి ఇంట్లో ఒక చావు కావలసి వచ్చింది.

ఆయన లేచి నిలబడ్డారు. ఊరికి చాటినవాళ్ళే ఊరికి చెప్పుకోవాలి కదా. "అందరూ వినండర్రా. నా మనవరాలు డాక్టరు కాదు. రోడ్లు వేస్తుంది. నేను ఇన్నాళ్ళూ పోయమన్నచోట తారు పోశాను. ఎక్కడ పొయ్యాలో ఇకనుంచి ఇది చెబుతుంది. ఎవరైనా దీన్ని డాక్టరమ్మా అని పిలిచారో, చూసుకోండి మరి!"

అఫీయా తాత చెయ్యి తీసుకుని, ఆ గరుకు అరచేతిని తన బుగ్గకి ఆనించుకుంది. ఆయన ఈసారి చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

మర్నాడు తెల్లవారీ తెల్లవారకముందే దులారీ వచ్చి తలుపు తట్టి, తన ఇంటి ముందు గుంట ఎప్పుడు పూడుస్తావని అఫీయాని నిద్ర లేపి అడిగింది.